గొమ్మారుకి పెళ్ళాం వేషం

అవిసె కాడలు నానబెట్టిన గుంటలో పగలంతా మోకాళ్ళ దాకా దిగి పనిచేసి వచ్చాడు లేనార్ట్. ఇప్పుడు లంగా బొందు ముడి వేసుకోవడం కూడా పెద్ద పనిలా ఉంది. నీళ్ళకి ఉబ్బిపోయిన వేళ్ళు మాట వినడం లేదు. ఎంత తోముకున్నా ఆ కుళ్ళు వాసన చేతుల్ని వదలదు.

"ఏమే, ఇంకా సింగారం అవలేదా?" ధాన్యపు కొట్టం అవతలి మూల నుంచి కేకేశాడు గొమ్మారు.

"అవుతోందయ్యా. నీ మొహానికి ఈమాత్రం చాలదూ?"

సాధన చూడ్డానికి వచ్చి గడ్డిమోపుల మీద కూచున్న జనం నవ్వారు. గొమ్మారు బుట్టలల్లుతాడు. మీసం మొలవక ముందు నుంచీ ఊరి నాటక సమాజంలో లేనార్ట్ పెళ్ళాం, గొమ్మారు మొగుడు. పెద్ద నాటకం అయిపోగానే జనం కన్నీళ్ళు తుడుచుకుంటూ ఉండగా వీళ్ళిద్దరూ వచ్చి దెబ్బలాడుకోవాలి. అది ఆనవాయితీ.

ఆ నాటకాల్లో ఒకడి ఆఖరి మాటకి ప్రాస కుదిర్చి రెండోవాడు మొదలుపెట్టాలి. అందుకే మాటలు తొందరగా మర్చిపోరు. ముందువాడి ప్రాస చెవిన పడగానే తనది నాలిక మీదికి వచ్చేస్తుంది.

నిరుటి చలికాలంలో గొమ్మారు భార్య పోయింది. ఆ తర్వాత నుంచి అతనికి తన పాదాలు నాలిక మీదికి రావడం లేదు.

"ఏం చేశావయ్యా నా బాతుని?" అన్నాడు పెళ్ళాం వేషంలోని లేనార్ట్ ఆ సాయంత్రం కూడా, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

గొమ్మారు నోరు తెరిచాడు. కళ్ళు మాత్రం కొట్టం తలుపు వైపు పోయాయి, ఎవరో వస్తారన్నట్టు. లేనార్ట్ ఆగలేదు, మొగుడు అనాల్సిన పాదం కూడా తనే కలిపి అనేశాడు. "నోరు పెగలదేం? నాకు తెలీదనుకున్నావా? అడగమంటావు బీరుకొట్టు తాతని!"

జనం విరగబడి నవ్వారు. గొమ్మారూ నవ్వాడు. లేనార్ట్ మాత్రం తన మాటలూ అతని మాటలూ, రెండూ మోస్తున్నాడు ఏడాదిగా.

సాధన అయ్యాక సమాజం పెద్ద హుబ్రెక్ట్ లేనార్ట్‌ని పక్కకి పిలిచాడు.

"నిజం చెప్పు లేనార్ట్. గొమ్మారుకి మాటలు నిలుస్తున్నాయా? ఇక్కడ నువ్వేం చేసినా నవ్వుతారు. మేహెలెన్ పట్నం పోటీలో తీర్పరులు రాత ఒళ్ళో పెట్టుకుని కూచుంటారు. ఒక్క పాదం మారినా బహుమానం వెండి గిన్నె పోయినట్టే. నీకు అనుమానముంటే మొగుడి వేషానికి మా అల్లుడు కొర్నేలిస్ సిద్ధంగా ఉన్నాడు."

లేనార్ట్ వెనక్కి చూశాడు. గొమ్మారు చుట్టూ ఆడవాళ్ళు మూగారు. బాతు నడక నడిచి చూపిస్తున్నాడు అతను. వేషం లేని రోజున ఆ మనిషి ఇంట్లో బెత్తపు చువ్వలతో తప్ప ఎవరితో మాట్లాడతాడు?

"నిలుస్తున్నాయి," అన్నాడు లేనార్ట్.

మేహెలెన్‌కి బండిలో పోతూ దారి పొడుగునా అతని చేత పాదాలు చెప్పించాడు. ఒక్కటి తప్పలేదు. ఉప్పు చేప నములుతూ, రొట్టెతో ఈగలు తోలుతూ చెప్పాడు గొమ్మారు. లేనార్ట్‌కి ఆశ పుట్టింది.

పట్నం నడిబొడ్డు చౌకులో వేదిక ఎత్తుగా ఉంది. కింద జనం సంతలో గొర్రెల్లా కిక్కిరిసి ఉన్నారు. తీర్పరులు వేలితో రాతని అనుసరిస్తున్నారు.

"ఏం చేశావయ్యా నా బాతుని?"

గొమ్మారు చూపు జనంలోకి పోయింది. అక్కడే ఆగిపోయింది.

లేనార్ట్ తన తర్వాతి పాదం మాత్రం చెప్పేస్తే తప్పు గొమ్మారు ఒక్కడిదే అవుతుంది. కొర్నేలిస్‌ని పిలుస్తారు. అంతటితో ఈ బరువు దిగిపోతుంది. లేనార్ట్‌కి అదంతా తెలుసు. గొమ్మారు పెదవులు మాట లేకుండా ఊరికే కదలడం కూడా కనిపిస్తోంది.

"నోరు పెగలదేం?" అన్నాడు లేనార్ట్. "అడగమంటావు బీరుకొట్టు తాతని!"

చౌకు దద్దరిల్లేలా నవ్వారు జనం. తీర్పరి వేలు ఆగింది.

గిన్నె ఇంకో ఊరికి పోయింది. సత్రంలో హుబ్రెక్ట్ కూచోకుండానే అడిగాడు, "ఎవరిది తప్పు?"

"నాదే," అన్నాడు లేనార్ట్. "తొందరపడి ఆయన పాదం నేను అనేశాను."

హుబ్రెక్ట్ గుడ్డివాడు కాడు. అయినా పదిమందిలో ఒప్పుకున్నాక ఏదో ఒకటి అనక తప్పలేదు. "అయితే వచ్చే ఏడు ఆ లంగా ఇంకొకడు కడతాడు."

గొమ్మారు ముంత ఠపీమని బల్ల మీద పెట్టాడు. "ఎవడు? నీ అల్లుడా? ఆ కోడిగొంతు పెళ్ళాన్ని నేనేలను. పాపం, వీడికి కాస్త మతిమరుపొచ్చిందని ఇన్నేళ్ళ మనిషిని వెళ్ళగొడతారా? వీడు లేకపోతే నేనూ లేను. వెతుక్కోండి మొగుణ్ణి."

 హుబ్రెక్ట్ లేనార్ట్ వైపు చూశాడు. లేనార్ట్ చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు, కనీకనపడకుండా.

"నీ ఇష్టం గొమ్మారూ," అన్నాడు హుబ్రెక్ట్ చివరికి, మెత్తగా. "నీలాంటి మొగుడు మాకు మళ్ళీ దొరకడు."

తిరుగు దారిలో గొమ్మారు చాలా హుషారుగా ఉన్నాడు. లేనార్ట్ భుజం మీద చెయ్యి వేశాడు. "దిగులు పడకురా. నీ కోసమే మానేశాను. లేకపోతే నాకేం, ఇంకా చాలా ఏళ్ళు ఆడేవాణ్ణి."

"తెలుసు."

"ఆదివారాలు మా ఇంటికి రా. నీకు పాదాలన్నీ మొదట్నుంచీ నేనే చెబుతాను. బుర్రకి పని పెట్టకపోతే ఇంకా పాడవుతుంది."

"వస్తాలే," అన్నాడు లేనార్ట్. అతను కాళ్ళు చాపుకోవడానికి చోటిచ్చి, ఓ పక్కకి ఒదిగి కళ్ళు మూసుకున్నాడు.