భోషాణం మెట్లెక్కాలి

మా అక్కకీ నాకూ మాటల్లేవు. అలాగని ఇంట్లో మాటలు ఆగిపోలేదు. మధ్యలో కుక్క ఉంది కాబట్టి సరిపోయింది.

"భోషాణం, పాలు అయిపోయాయని మీ పిన్నితో చెప్పు," అంటుంది అక్క, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని. ఆ పిన్ని చెయ్యి చాపితే అందేంత దూరంలోనే నిలబడి ఉంటుంది. "కాఫీ మీద కాఫీ తాగిందెవరో మీ పెద్దమ్మనే అడుగు, భోషాణం," అంటాను నేను. అది పాపం అక్క ముఖం చూస్తుంది, నా ముఖం చూస్తుంది, తోక నేలకేసి కొడుతుంది. దానికి పిన్నీ ఉంది, పెద్దమ్మా ఉంది. అమ్మ ఎవరన్నది మాత్రం ఇంతవరకూ తేలలేదు.

పేరు అక్కే పెట్టింది. తెచ్చిన కొత్తలో అది గుమ్మానికి అడ్డంగా పడుకుంటే దాటడం మా ఇద్దరి వల్లా అయ్యేది కాదు. "ఇది కుక్క కాదే, భోషాణం," అంది అక్క. అదే ఖాయమైంది. ఇప్పుడది దాదాపు నా అంత బరువు. మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. దాని వెనక కుడికాలు తొడ దాకా తీసేశారు.

తీసేయాల్సి వచ్చింది మా అక్క వల్ల. ఈ మాట నేను ఎవరి దగ్గరా దాచలేదు. కింది వాటాల వాళ్ళు అడిగినా అదే చెప్పాను, అక్క వినేలా.

అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటుంది. అక్కడ తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్ ఉంటాయి. ఎవరు తడబడినా తన కాలు ముందే పడుతుంది. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకుంది. నేను పనిచేసే కొట్టు మారతానన్నా ఆగమంటుంది, గోడకి రంగు వేయిద్దామన్నా ఆగమంటుంది. లోకంలో అందరికీ బ్రేకు వేసే మనిషి కాలు, మా కుక్క దగ్గరికొచ్చేసరికి కదల్లేదు.

ఆ సాయంత్రం మా వీధిలోనే ఒక పళ్ళ డాక్టరుకి రివర్సు నేర్పుతోంది. యాభై దాటిన మనిషి. రోజంతా ఇంకొకరి నోరు తెరిపించి ధైర్యం చెప్పే ఆయనకి, స్టీరింగు పట్టుకుంటే తన నోరే తెరుచుకుపోతుందట. అక్క కారు చప్పుడు వినగానే, గుమ్మం బయట పడుకుని ఉన్న భోషాణం ఎప్పటిలాగే మెట్లన్నీ దిగి ఎదురు వెళ్ళింది. వెనక చక్రం దాని కాలెక్కింది.

నేను కళ్ళజోళ్ళ కొట్టు వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్నాను. ఫోను రాగానే పరిగెత్తాను. పశువుల డాక్టరు గది బయట బల్ల మీద అక్క కూర్చుని ఉంది, బట్టలనిండా రక్తం. నేను అడిగిన మొదటి మాట ఒకటే. "కాలి కింద బ్రేకు పెట్టుకుని కూర్చుంటావు కదా. ఎందుకు తొక్కలేదు?"

అక్క నా వైపు చూసింది. అంతే, మా మధ్య అదే ఆఖరి మాట. తప్పు చేసినవాళ్ళు ఏడుస్తారు, లేదా సాకులు చెబుతారు. తను రెండూ చేయలేదు. ఇంటికొచ్చి స్నానం చేసి, మర్నాడు ఎప్పటిలాగే పాఠం చెప్పడానికి వెళ్ళిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కింది దిగలేదు.

కుట్లు విప్పిన రోజు పశువుల డాక్టరు రెండు విషయాలు చెప్పింది. "మిగిలిన వెనక కాలు జాగ్రత్త. ఇంత పెద్ద శరీరం, భారమంతా ఆ తుంటి మీదే. జారిపడి అది కూడా పోతే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు." రెండోది: "మెట్ల మీద ఒక్కరే మాట్లాడండి. ఒకటే గొంతు, చిన్న చిన్న మాటలు." మొదటిది ఇద్దరికీ బాగా ఎక్కింది. రెండోది ఎదుటిదానికి చెప్పిందని ఇద్దరమూ అనుకున్నాం.

దాన్ని ఎక్కించే పద్ధతి ఇది. ఛాతీకి పట్టీ కడతాం, వీపు మీద దానికొక పిడి ఉంటుంది. ఆ పిడి పట్టుకుని నేను పై మెట్టు మీద ఉంటాను. అక్క కింద ఉండి, పాత తువ్వాలు దాని పొట్ట కిందుగా వేసి, రెండు కొసలూ కలిపి పైకి పట్టుకుంటుంది. ముందుకాళ్ళు అది వేస్తుంది. వెనక నుంచి తోపు ఇచ్చే కాళ్ళలో ఒకటే మిగిలింది కాబట్టి, లేని కాలి పని తువ్వాలు చేయాలి. ఇద్దరి లయ కలిస్తే చాలు, అది ఎక్కేస్తుంది.

మా లయ ఎక్కడ కలుస్తుంది?

"భోషాణం, ఆగు," అనేది అక్క వెనక నుంచి. "ఎందుకంత లాగుడు? మీ పిన్నికి రైలు తప్పిపోతోందా?"

"పద, భోషాణం, పద," అనేదాన్ని నేను. "ఒక్కో మెట్టు మీదా కాపురం పెట్టేవాళ్ళని నమ్ముకుంటే తెల్లారినట్టే."

అది ఒక అడుగు వేసి ఆగేది. ఆగినది ఉలిక్కిపడి మళ్ళీ లేచేది. మూడో అంతస్తు చేరేసరికి నాలుక వేలాడేసి గుమ్మంలోనే కూలబడేది. రోజురోజుకీ నయం కావాల్సింది పోయి అధ్వాన్నమైంది. నీరసం అనుకున్నాను. అక్క తువ్వాలు సరిగ్గా పట్టదనుకున్నాను. ఇంకేమనుకున్నా అక్కనే అనుకున్నాను.

అలా ఉండగా ఒక సాయంత్రం అక్క దాని గిన్నెలో నీళ్ళు పోస్తూ అంది. "భోషాణం, ఆదివారం డాక్టరుగారు వస్తారు. వాళ్ళింట్లో మెట్లు లేవు, పెద్ద పెరడుంది. అక్కడ హాయిగా ఉంటావని మీ పిన్నితో చెప్పు."

ఏ డాక్టరో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. "రోడ్డు మీద కాలు తీసుకున్నవాడు ఇప్పుడు ఇంటికొచ్చి మిగతాది కూడా పట్టుకుపోతాడా?" అన్నాను. కుక్కతో అనడం కూడా మరిచిపోయి గోడతో అన్నాను.

"రోజూ మెట్ల మీద నీ ప్రాణం మీదికి తెస్తున్నాం, భోషాణం. జారే రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చోమందా మీ పిన్ని?"

అందులో నిజముంది కాబట్టి నాకు ఇంకా ఒళ్ళు మండింది. "ఆదివారం నువ్వు కిందనుంచి పైదాకా సవ్యంగా ఎక్కి చూపిస్తే ఎక్కడికీ పోవని మీ పెద్దమ్మతో చెప్పు," అన్నాను. అక్క తల ఊపింది. కుక్కకే ఊపింది.

ఆదివారం పొద్దున దాన్ని కిందికి తీసుకెళ్ళి తిప్పుకొచ్చేసరికి పళ్ళ డాక్టరు అప్పుడే వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త దుప్పటి ఒకటి మడతపెట్టి పట్టుకున్నాడు. భోషాణాన్ని చూసి కళ్ళు దించుకున్నాడు. నమస్కారం పెట్టాడు. నేను పెట్టలేదు.

మొదటి అంతస్తు బాగానే ఎక్కింది. నాకు కాస్త ఊపిరాడింది. డాక్టరు నాలుగు మెట్లు వెనకగా వస్తున్నాడు. రెండో అంతస్తుకి ఎక్కే మలుపు దగ్గర మెట్లు ఇరుగ్గా ఉంటాయి. అక్కడ "ఆగు, భోషాణం," అంది అక్క. నన్నే అంది. తువ్వాలు జారుతోంది, అది నాకు కనబడుతూనే ఉంది. అయినా ఈ మనిషి ముందు ఆగడం నాకిష్టం లేదు. "పద, భోషాణం, పద," అన్నాను.

అది ఆగింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. అక్కనీ కాదనలేక, నన్నూ కాదనలేక, ముందుకాళ్ళు ఒక మెట్టు మీదా మనసు ఇంకో మెట్టు మీదా పెట్టి పక్కకి ఒరిగింది. తువ్వాలు చిరిగింది. బరువంతా ఒక్కసారి కిందికి జారింది. పిడి వదల్లేదు కాబట్టి నేనూ దానితో పాటు జారి మెట్ల మీద బోర్లా పడ్డాను. అక్క గోడకి వీపు ఆనించి, దాని నడుము కింద భుజం పెట్టి ఆపింది. ఆ ఒక్క వెనక కాలూ రెయిలింగు కడ్డీల సందులో ఇరుక్కుంది.

నేను పిడి వదిలితే బరువు ఆ కాలు మీద పడుతుంది. అక్క కదిలినా అంతే. కాలు అందేది కింద నిలబడ్డ డాక్టరు ఒక్కడికే.

"చూస్తావేమయ్యా, పట్టుకో దాన్ని," అని అరిచాను. ఆయన కొయ్యబారిపోయాడు. నోరు తెరిచాడు, చేతులు దుప్పటికి అతుక్కుపోయాయి. నేను ఇంకా అరిచాను. అరిచినకొద్దీ ఇంకా బిగుసుకుపోయాడు.

అప్పుడు అక్క మాట్లాడింది. అలాంటి గొంతు మా అక్కకి ఉందని నాకు తెలియదు. "డాక్టరుగారూ, నా వైపు చూడండి. ఏం కాలేదు. ఊపిరి తీసుకోండి. దుప్పటి కింద పెట్టండి. ఎడమ చెయ్యి చాపండి. మెల్లగా. ఇంకా మెల్లగా. నేనున్నాను."

నా చేతిలో పిడి వణకడం మొదలైంది. అంతవరకూ కిక్కురుమనకుండా ఉన్న భోషాణం ఆ గొంతు వినగానే చెవులు వెనక్కి పెట్టి ఒళ్ళంతా వణికిపోయింది. మెట్ల మీదే ఉచ్చ పోసింది. డాక్టరు చెయ్యి చాపాడు, కాలు పట్టుకుని మెల్లగా సందులోంచి తప్పించాడు. మెట్ల మలుపులో ఉన్న చదును మీదికి దాన్ని ముగ్గురమూ ఈడ్చాం. నేను తుంటి తడిమాను, కాలు మడిచాను, చాపాను. అది నా చెయ్యి నాకింది. కాలికేమీ కాలేదు.

"నీ గొంతు వినగానే ఎందుకు వణికింది?" అన్నాను. అక్కని అడిగాను, సూటిగా, ముఖంలోకి చూసి.

"ఆ రోజు కూడా మేడమ్ ఇలాగే..." అన్నాడు డాక్టరు.

"మీరుండండి," అంది అక్క. తర్వాత నా మీద విరుచుకుపడింది. "ఎందుకు తొక్కలేదన్నావు కదా ఆ రోజు? తొక్కాను. తొక్కబట్టే కారు ఆగింది. ఆగింది దాని కాలు మీద. మన వీధి వాలు నీకు తెలియదా? బ్రేకు మీంచి కాలు తీస్తే కారు వెనక్కి జారి మొత్తం దాని మీదే పోతుంది. కాబట్టి కాలు తియ్యకూడదు, దిగకూడదు. ముందుకి పోనివ్వాలంటే నా వైపు బ్రేకుంది, క్లచ్చుంది, ఆక్సిలరేటరు లేదు. అది ఈయన కాలి కింద ఉంది. ఈయన ఇదిగో, ఇలాగే బిగుసుకుపోయాడు. వెనకాల అది అరుస్తోంది. అది అరుస్తుంటే, నేను పక్క సీట్లో కూర్చుని, ఏం కాలేదండీ, మెల్లగా అండీ, ఇంకా మెల్లగా అండీ అని, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. అరిస్తే కాలు ఎక్కడ వేస్తాడో తెలియదు కదా. అప్పట్నుంచీ దానితో ముద్దుగా ఒక్క మాటనలేను. అంటే వణుకుతుంది. అందుకే కసురుతాను. అలా కసిరే పెద్దమ్మ దగ్గర అదెందుకు ఉండాలి? ఈయన్ని తీసుకెళ్ళమన్నాను."

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితే కదా చెప్పడానికి. తిట్టావు."

నాకు కోపం తగ్గలేదు. తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఇన్నాళ్ళూ అక్క నెత్తిన పెట్టి ఉంచిన కోపం, ఇప్పుడు దింపితే ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వాలు మీద పెట్టనా, లేని ఆక్సిలరేటరు మీద పెట్టనా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటున్న ఆ పళ్ళ డాక్టరు మీద పెట్టనా? నోరు విప్పి ఒక్క ముక్క చెప్పని అక్క మీద కొంత, అడగడం చేతకాని నా మీద కొంత పంచుకున్నా ఇంకా బోలెడు మిగిలింది.

"డాక్టరుగారూ," అన్నాను. "మీ పెరడు మీ దగ్గరే ఉండనివ్వండి. ఆ దుప్పటి మాత్రం ఇటివ్వండి."

ఆయన ఇచ్చాడు. దాన్ని పొడవుగా మడిచి భోషాణం పొట్ట కింద నుంచి తీసి, రెండు కొసలూ అక్క చేతుల్లో పెట్టాను. "అక్కా, నోరు మూసుకుని వెనకాల పట్టుకో. పైకి వెళ్ళేదాకా నీ గొంతు వినబడకూడదు. మాట్లాడేది నేనొక్కదాన్నే. ఆగాలంటే దుప్పటి రెండుసార్లు గుంజు, నేను చూసుకుంటాను."

అక్క నా వైపు ఒక చూపు చూసింది. అయినా పట్టుకుంది.

"పద," అన్నాను. ముందుకాళ్ళు వేసింది. దుప్పటి లేచింది. వెనక కాలు మెట్టెక్కింది. "పద." మళ్ళీ ఎక్కింది. ఒకచోట దుప్పటి రెండుసార్లు బిగిసింది. "ఆగు," అన్నాను. ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్ళీ పదమనేదాకా నా ముఖమే చూస్తూ నిలబడింది. రెండో అంతస్తు దాటాం. వెనక అక్క రొప్పడం వినబడుతోంది, మాట మాత్రం లేదు. మూడో అంతస్తులో చివరి మెట్టు భోషాణం నేను చెప్పకుండానే ఎక్కి, తిన్నగా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

ఇద్దరమూ దాన్ని దాటలేక బయటే నిలబడ్డాం. కింద డాక్టరు మెట్లు దిగి వెళ్ళిపోతున్న చప్పుడు వినబడింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది అక్క.

"మాట్లాడు. నాతో మాట్లాడు, దానితో కాదు."

దుప్పటి కొసలు ఇంకా వదల్లేదు అక్క. "నేను బ్రేకు తొక్కానే," అంది.

"తొక్కావు," అన్నాను. "తొక్కావులే అక్కా. ఇక వెళ్ళి పాలు తీసుకురా."