ఆగమన్న లైను

పదకొండో రోజు కూడా పెట్టెలు చచ్చాయి. నలభై పెట్టెల్ని రాక్‌లో పేర్చి, ఊపిరాడనంత పని పురమాయించి, పడతాయా నిలబడతాయా అని కాపలా కాయడం ఆమె ఉద్యోగం. ఒకటి మూడు గంటలకి పడింది, ఇంకొకటి ఇరవై గంటలకి. మిగతావి ఏమీ ఎరగనట్టు నడుస్తున్నాయి. పెట్టె ప్రాణమంతా దాన్ని నడిపించే మూల ప్రోగ్రాంలో, కెర్నల్‌లోనే. అది పడిపోతే తెర మీద కక్కిన అంకెలు తప్ప ఏం మిగలదు. ఆ కక్కిందంతా ఎత్తిపోసుకుంటూ, వేడెక్కిన ప్లాస్టిక్ కంపు పీలుస్తూ కూర్చోవాలి.

ఇవి ఆటబొమ్మల్లోకి వెళ్లేవైతే ఆమెకీ అంత పట్టింపుండేది కాదు. నెలలు నిండని పసిగుడ్లని పడుకోబెట్టే తొట్లలో వేడి చూసుకునే పెట్టెలు. సోమవారం బయటికి పోవాలి. పరీక్ష నెగ్గాయని సంతకం ఆమెదే.

అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చోటిని వేలెత్తి చూపించాయి. పెట్టె మెదడులో పని పంచుకునే రెండు కోర్లలో ఒకటి, పనైపోయిందని మెమరీలో చోటు ఖాళీ చేస్తుంటే, రెండో కోర్ ఇంకా అక్కడే రాస్తోంది. చాప చుట్టేవాడూ దానిమీద కూర్చోబోయేవాడూ ఒకేసారి తగులుకుంటేనే పడుతుంది. అందుకే ఎప్పుడో గానీ పడదు. ప్రోగ్రాంలో అక్కడే ఒక లైను: ఖాళీ చేసేముందు రెండు మిల్లీసెకన్లు ఆగు. ఎందుకాగాలో రాయలేదు. ఎవరు రాశారో మాత్రం ఉంది. బావ. అక్క మొగుడు, ఈ ఉద్యోగం ఇప్పించినవాడు.

అడిగితే బావ పుల్లతో పళ్లు కెలుక్కుంటూ నవ్వాడు. మునుపు గంటకోసారి పడేదట, తన లైనుతో రోజుకోసారికి దిగిందట, ఆ రెండు మిల్లీసెకన్లని ఇరవైకి పెంచితే నెలకోసారి కూడా పడదట. సరిగ్గా బాగుచెయ్యాలంటే మూడు వారాలు పడుతుందట.

"అంటే జబ్బు నీకు ముందే తెలుసు."

"తెలిస్తే? పడ్డా నలభై సెకన్లలో తనే లేస్తుంది కదే మరదలా."

"ఆ నలభై సెకన్లూ బిడ్డని నువ్వెళ్లి ఒళ్లో పెట్టుకుంటావా బావా?"

బావ పుల్ల తీసి చూసుకుని టేబుల్ అంచుకి తుడిచాడు. "సంతకం పెట్టెయ్. అనవసరంగా మీ అక్కని బాధపెట్టకు."

తప్పు రాయనివాడెవడు? కుళ్లిన దుంపని కడిగి బుట్టలో పైన పెట్టే ఆ చేతిని చూస్తేనే రోత.

సీటుకొచ్చి ఆ లైను పీకేసింది. అలాంటిదే ఇంకోటి రెండో కోర్ రాయబోయేముందు పెట్టింది. అది ఆగిన ఆ కాస్తలో మొదటిది చోటు ఖాళీ చేసేస్తుంది. ఎప్పుడో కుదిరే ముహూర్తం ఇక ప్రతిసారీ కుదురుతుంది. మేనేజరుగారిని రాక్ దగ్గరికి పిలిచి పరీక్ష మొదలెట్టింది.

నాలుగు సెకన్లకి ఒకటి పడింది. నిమిషం తిరక్కుండా నలభై.

తనే పెట్టి తనే పడేసిందని బావ గొణిగాడు.

"తలుపు తీసి పట్టుకున్నానంతే. గొయ్యి నీదే."

మేనేజరు రెండు లైన్లూ చదివి, ఇది ఎన్నాళ్ల నుంచి తెలుసని బావని అడిగాడు. బావ జేబులో పుల్ల కోసం వెతుక్కున్నాడు. సోమవారం పెట్టెల ప్రయాణం ఆగిపోయింది. బాగుచేసే మూడు వారాలూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చోవాలన్నాడు మేనేజరు, ఒకరు రాసింది ఒకరు చూస్తూ.

ఆమె ముక్కు మూసుకుని బావ పక్కకి కుర్చీ లాక్కుంది.