కనుమ మీద టీ

విదేశీయుల సామాను మోస్తూ వెళ్లిన మా ఆయన పైన మంచులోనే ఉండిపోయాడు. ఆ శిఖరం కనిపించే కనుమ మీద మంత్రాల జెండాలు కట్టి, ఆఖరి టీ పోసి సాగనంపడానికి నేనూ, మా ఆడపడుచు యాంగ్జీ ఎక్కుతున్నాం. ఆయన పాత కోటు వేసుకుని యాంగ్జీ ముందు నడుస్తోంది. నాకు కాళ్లు లాగేస్తున్నాయి. ఏడ్చే ఓపిక కూడా లేదు.

పొగమంచులో ఆ కోటునే చూస్తూ నడిచి నడిచి, అలవాటు కొద్దీ ఆయన పేరు పెట్టి కేకేశాను. "కాస్త ఆగవయ్యా!"

యాంగ్జీ గిరుక్కున తిరిగింది. "వదినా! ఏం పని చేశావు? పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తారా మన షెర్పాలెవరైనా? దారిలోంచి వెనక్కొచ్చేస్తే?"

నేను రాయి మీద కూలబడ్డాను. మంచి జన్మకు పోవలసినవాణ్ణి నా నోటితో ఆపేశాననిపించింది.

యాంగ్జీ వచ్చి పక్కన కూర్చుంది. "సరేలే, బతికుండగా నీ కేకకు ఏనాడైనా ఆగాడా మా అన్న?"

"ఆగలేదు."

"మరింకేం? ఆ చెవుడు ఇప్పుడు తగ్గిందా?"

నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసమొచ్చింది. కానీ యాంగ్జీకి ఒకటి తెలియదు. దారిలో ఆగకపోయినా, కనుమ మీద మాత్రం ప్రతిసారీ నా కోసం ఆగేవాడు. నేను చేరేసరికి టీ కాచి ఉంచేవాడు.

కనుమ మీద ఎవరూ లేరు. జెండాలు కట్టాం. ఉప్పు టీ రాళ్ల మీద పోశాను.

"తాగి బయల్దేరు. ఈసారి నా కోసం ఆగకు," అన్నాను. "నా మోకాళ్ల సంగతి తెలుసుగా, నేను రావడానికి చాలా ఆలస్యమవుతుంది."