కారవాన్ ఫ్రిజ్‌కి పెట్టిన పసుపు

నా రాతలో ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు కూడా తప్పుతాయి. చదివేవాళ్లు సర్దుకోవాలి. అక్షరాలు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి కాబట్టి ఒక్క పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. అందుకని చెప్పాల్సింది తిన్నగా చెప్పేస్తాను. ఇది ఒక ఫ్రిజ్ సంగతి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఏడాది నేను రుమైతియాలో ఒక కువైటీ ఇంట్లో వంటపనీ ఇంటిపనీ చేస్తుండేదాన్ని. మా ఆయన పోయాక కడప జిల్లా నుంచి వెళ్లాను. ఇంటావిడని అందరు పనివాళ్లలాగే మామా అని పిలిచేదాన్ని. ఆమె అత్తగారిని పెద్ద మామా అనేదాన్ని. నా పేరు అరబ్బీ నోట్లో పడితే బాగోని అర్థం వస్తుందని వాళ్లు నన్ను మరియం అనేవారు. ఆ వేసవిలో ఇంటాయన పిల్లల్ని తీసుకుని కైరో వెళ్లాడు. సైన్యం వచ్చేసరికి ఇంట్లో మిగిలింది ఆడవాళ్లం ముగ్గురం, డ్రైవర్ హుస్సేన్ వలి. అతనిది రాయచోటి దగ్గర పల్లె.

పెద్ద మామాకి షుగర్. పొద్దునా సాయంత్రం సూది పడాలి. సూది వేసేది నేనే. ఆ మందు చల్లగా ఉండాలి, వేడెక్కితే పనికిరాదు. ఆసుపత్రిలో మందు అయిపోవస్తోందని విని మామా ఒక పెట్టెడు సీసాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. అవి పాడైతే ఊళ్లో ఇంక దొరకవు. పెద్ద మామా బతకదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పెద్ద మామాకి కూడా తెలుసు, కాకపోతే ఆమె దాని గురించి మాట్లాడేది కాదు. చాయ్‌లో చక్కెర తక్కువైందని మాట్లాడేది.

సెప్టెంబరులో ఒకరోజు పక్కింటావిడ వచ్చి, కుటుంబాలను సౌదీ వైపు పోనిస్తున్నారని చెప్పింది. వరుసలో ఎన్నాళ్లు నిలబడాలో ఎవరికీ తెలియదంది. అంత ఎండలో మందు ఎలా తీసుకుపోవాలి? ఐస్ అమ్మేవాళ్లు అప్పటికే లేరు. అప్పుడు మామాకి కారవాన్ గుర్తొచ్చింది.

కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. చలికాలంలో కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు కదా, అప్పుడు దాన్ని పెద్ద కారుకి తగిలించి లాక్కుపోయేవారు. అందులో రెండు మంచాలు, పొయ్యి, గ్యాస్ మీద నడిచే చిన్న ఫ్రిజ్ ఉండేవి. హుస్సేన్ వలి ఫ్రిజ్ తలుపు తీశాడు, వెంటనే మూశాడు.

"యక్కా, ఇది సచ్చి శానా దినాలైనట్టుండాది. కంపు."

"బాగుచేసేటోళ్లు యాడన్నా దొరుకుతారేమో సూడబ్బా."

అతను మనవాళ్లుండే బ్నీద్ అల్ గార్ పేటకి వెళ్లి పెద్దిరాజుని తీసుకొచ్చాడు. పెద్దిరాజుది కోనసీమ. మిర్కాబ్ బజారులో ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే కొట్లో పనిచేసేవాడు. కొట్టుని సైనికులు ఊడ్చుకుపోయారు. సంచిలో ఉన్న స్క్రూడ్రైవర్లు మాత్రం మిగిలాయి, ఎందుకంటే సంచి ఆ రోజు ఇంటి దగ్గర మర్చిపోయాడు.

అతను గ్యాస్ ఫ్రిజ్ వెనక తలపెట్టి వాసన చూశాడు. కళ్లమ్మట నీళ్లు కారుతూ బయటికొచ్చాడు.

"అయిపోయిందండి. అమ్మోనియా అంతా కారిపోయింది. దీన్ని బతికించడం నా వల్లే కాదు, ఎవరి వల్లా కాదండి."

"ఏడుస్తాండావెందుకు, రాజన్నా?" అన్నాడు హుస్సేన్ వలి.

"ఏడుపు కాదండీ బాబూ, ఘాటు. దీన్ని పీకేసి ఇంట్లో వాడే ఫ్రిజ్జొకటి ఎక్కించేద్దాం. మీ క్యాంపు లైట్లకి జనరేటరుంది కదండీ, దాని మీద నడుత్తాది."

డ్రైవర్ గదిలో ఉన్న ఫ్రిజ్ ఇంట్లోని వాటిలోకల్లా చిన్నది. హుస్సేన్ వలి అందులోంచి తన మజ్జిగ సీసాలు తీసి మంచం మీద పెట్టుకుని, మనసు లేకుండానే ఒక పక్క పట్టుకున్నాడు. కారవాన్ వాకిలి సన్నం. ఫ్రిజ్ నిలువుగా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. పెద్దిరాజు ఫ్రిజ్ తలుపు ఊడదీశాడు, అప్పుడూ పట్టలేదు. చివరికి కారవాన్ కిటికీ చట్రం మొత్తం విప్పి, ఫ్రిజ్‌ని కంబళి మీద వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీలోంచి లోపలికి తోశారు. లోపల నేనూ మామా పట్టుకున్నాం. మామా అంతకుముందు ఆ ఇంట్లో కుర్చీ కూడా జరపగా నేను చూడలేదు.

పాత ఫ్రిజ్ పీకేసిన సందులో దాన్ని నిలబెట్టి, తలుపు మళ్లీ తగిలించి, గుడారం తాళ్లతో గోడకి బిగించి, వెనక గాలాడడానికి చెక్కముక్కలు అడ్డం పెట్టారు. హుస్సేన్ వలి స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. పెద్దిరాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండాగండి! పడుకోబెట్టినదాన్ని లేపిన ఎంటనే నడిపిత్తే కంప్రెసర్ పోద్దండి. లోపల నూనె కిందికి దిగాలి. బాలింతరాలనుకోండి, కాసేపు కదపకూడదు."

"బాలింతయితే బిడ్డ యాడన్నా?"

"వంటింట్లో ఉన్నాయి కదండీ సీసాలు. ఆళ్లే."

నూనె దిగేదాకా అతనికి అన్నం పెట్టాను. తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "అక్కగారూ, కాస్త పసుపూ కుంకుమా ఉంటే పట్రండి," అన్నాడు.

హుస్సేన్ వలి అడ్డం వచ్చాడు. "రాజన్నా, ఈ ఇంట్లో అట్లాంటివి పెట్టుకోవాకు. సెహరంటారు. సెహరంటే చేతబడి. జైల్లో యేస్తారు."

"జైలుకాడ కాపలా ఎవడున్నాడండి ఇప్పుడు? బొట్టెట్టకుండా నేను మిసను నడపను. మా నాన్న వరికోత మిసన్ని కూడా అలాగే నడిపేవోడు."

పసుపు వంటింట్లోనే ఉంది. కుంకుమ నా పెట్టెలో, చీరల కింద ఉంది. తెచ్చిచ్చాను. అతను తడిపిన పసుపు ఫ్రిజ్ తలుపు నిండా పూసి, వరసగా బొట్లు పెట్టాడు. నిమ్మకాయ అడిగాడు. బజారులో నిమ్మకాయలు ఎక్కడివి? అరబ్బుల కూరల్లో వేసే ఎండునిమ్మకాయలు ఉన్నాయి, బొగ్గులా నల్లగా ఉంటాయి. వాటినే ఎండుమిరపకాయలతో కలిపి దారానికి గుచ్చి ఫ్రిజ్ పిడికి కట్టాడు. అప్పుడు స్విచ్ నొక్కాడు. ఫ్రిజ్ ఒకసారి దగ్గి నడిచింది.

పొద్దుపోయేసరికి ఫ్రిజ్ పై అరలో పెట్టిన నీళ్లసీసాలు గడ్డకట్టాయి. వాటిని అక్కడే ఉంచి, మందు సీసాలు మధ్య అరలో సర్దాం.

"జనరేటర్ ఆగిపోయినా కంగారుపడకండి," అన్నాడు పెద్దిరాజు. "తలుపు మాత్రం తియ్యకండి. తియ్యకపోతే ఒక రోజు, ఓపికుంటే ఇంకాస్త, చల్లగానే ఉంటాది." ఒక బియ్యం సంచి ఇస్తే భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తర్వాత అతను బాగ్దాద్ మీదుగా బస్సులో జోర్డాన్ చేరాడని విన్నాను.

మర్నాడు బయల్దేరేముందు మామా, పెద్ద మామా పరుపు తీసుకుని వచ్చి ఫ్రిజ్‌ని చూసింది. పరుపు కిందపడేసింది.

"షిను హాదా, మరియం? ఏమిటిది?"

"కుంకుమ, మామా."

"కుర్కుమా?" అరబ్బీలో కుర్కుమ్ అంటే పసుపు. సగం నిజమే కాబట్టి తలూపాను. "వంటలో వేసేది తలుపుకి ఎందుకు పూశావు? ఇది సెహర్! తుడిచెయ్. ఇప్పుడే!"

సబ్బుపొడి నీళ్లలో గుడ్డ ముంచి తలుపు మీద ఒక్కసారి రాశాను. సబ్బు తగిలితే, సున్నం తగిలినట్టే, పసుపు ఎర్రబడుతుంది. తలుపంతా ఎర్రగా మారి కిందికి కారింది.

"ఏం జేస్తివక్కా!" అన్నాడు హుస్సేన్ వలి. "ఎర్రనీళ్లు జేసి పెడితివే!"

ఇంకోసారి తుడిచాను. ఇంకా ఎర్రబడింది. ఎవరినో ఆ తలుపుకేసి నరికినట్టుంది. అంతలో పక్కింటివాళ్ల కార్లు హారన్ కొట్టాయి. కలిసి పోకపోతే ఒంటరిగా పోవాలి. మామా తలుపుకేసి చూడకుండా, "యల్లా, పదండి," అంది.

సరిహద్దుకి చాలా ముందే సైనికులు ఆపారు. రోడ్డు పక్కన లారీ ఉంది. లారీలో ఫ్రిజ్‌లు, టీవీలు, ఒక దంతవైద్యుడి కుర్చీ ఉన్నాయి. జనరేటర్ చప్పుడు విని ఒక సైనికుడు కారవాన్ వెనక్కి వచ్చాడు. మీసం ఇంకా పూర్తిగా రాలేదు.

"లోపల ఏం నడుస్తోంది? ఫ్రిజ్ ఉందా? దింపండి."

అతను లోపలికి ఎక్కి ఆగిపోయాడు. ఎర్రటి తలుపు, కారి ఎండిన చారలు, నల్లటి కాయలు, మిరపకాయలు. పెద్ద మామా పక్కనే మంచం మీద పడుకుని ఉంది.

"ఏమిటిది?"

మామా నన్ను చూసింది, ఫ్రిజ్‌ని చూసింది, లారీని చూసింది. ఆమె గొంతు మారలేదు. "సెహర్. మా పనిమనిషి చేసింది."

"ఎవరి మీద?"

పెద్ద మామా కళ్లు తెరవకుండానే చెప్పింది. "తలుపు ఎవరు తెరిస్తే వాళ్ల మీద, నాయనా."

సైనికుడు నా వైపు తిరిగాడు. "నువ్వు చేశావా?"

"అయ్వా," అన్నాను. అవునని. ఇంకేం చెప్పాలో నాకు అరబ్బీలో రాదు.

అతను ఖురాన్‌లోంచి ఏదో గబగబా చదువుకుంటూ వెనక్కి అడుగులేశాడు. మెట్టు తప్పి ఇసకలో కూర్చున్నాడు. లేచి, దులుపుకుని, ఉత్త చేతులతో పోతే బాగోదనుకున్నాడేమో, జనరేటర్ ఊడదీసి లారీలో వేసుకున్నాడు.

ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది.

హుస్సేన్ వలి తిరిగి స్టీరింగ్ పట్టుకుని, "బతికిపోతిమి," అన్నాడు. చప్పుడు లేని ఫ్రిజ్‌కేసి చూస్తూ కూర్చున్నాం.

సరిహద్దు వరుస కంటికి ఆనినంత దూరం ఉంది. ఆ రోజు గడిచింది, మర్నాడూ ఎండెక్కింది. వాడుకలో ఉన్న సీసా ఒకటి తడిగుడ్డలో చుట్టి నా దగ్గర పెట్టుకున్నాను. గుడ్డ తడిపిన కొద్దీ ఆరిపోయింది. మధ్యాహ్నానికి తేటగా ఉండాల్సిన మందులో తెల్లటి నలకలు తేలాయి. పెద్ద మామా నాలుక ఎండిపోయి మాటిమాటికీ నీళ్లడుగుతోంది. పిలిస్తే ఒక్కోసారి పలుకుతోంది, ఒక్కోసారి లేదు. మామా ఫ్రిజ్ పిడి పట్టుకుంది.

"లా, మామా, వద్దు," అని చెయ్యి అడ్డం పెట్టాను. "తలుపు తీస్తే చల్లదనం పోతాది. మళ్లీ రాదు. ఖలాస్. సరిహద్దు ఎన్ని దినాలో తెలీదు గదా."

నేను చెప్పింది సగం తెలుగు. ఆమెకి అర్థమైంది. కానీ పిడి వదల్లేదు. పెద్ద మామా ఆ పూట మొదటిసారి స్పష్టంగా మాట్లాడింది. "తెరవకే. నేను ఆ పిల్లవాడికి అబద్ధం చెప్పలేదు."

మామా నవ్వబోయి, ఏడ్చి, పిడి వదిలేసింది.

ఎండ వాలుతుండగా సౌదీ వైపు చేరాం. అక్కడి అధికారి పెద్ద గడ్డంతో, మర్యాదగా ఉన్నాడు. నీళ్లిచ్చాడు, ఖర్జూరాలిచ్చాడు, కారవాన్‌లోకి తొంగిచూశాడు. మర్యాద అక్కడితో అయిపోయింది.

"ఇది సెహర్. దీన్ని లోపలికి రానివ్వను. దించి కాల్చెయ్యాలి."

"అందులో మా అత్తగారి మందుంది!"

"తలుపు తెరవకుండా కాల్చాలి," అన్నాడతను.

నా నోట్లోంచి, "కుంకుమ, కుంకుమ," అని వచ్చింది. మామా ఆ మాట ఎగిరి పట్టుకుంది. "విన్నారా? కుర్కుమ్! మచ్‌బూస్ అన్నంలో వేసే కుర్కుమ్. ఒలికింది, అంతే."

"కుర్కుమ్ పచ్చగా ఉంటుంది. నేనూ వంటిల్లు చూశాను. ఇది ఎర్రగా ఉంది."

మామా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, ఎండిన ఎర్ర చారని గోటితో గీరి, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించింది. అందులో సబ్బుపొడి ఉందని నాకు తెలుసు. ఆమె ముఖం కదల్లేదు. మింగి, "ఉప్పు తక్కువైంది," అంది.

అధికారి చివరికి ఒక డాక్టర్ని పిలిపించాడు. డాక్టర్‌కి ఏ భయమూ లేదు, తలుపు లాగి తెరిచాడు. నీళ్లసీసాల్లో ఐసు ముక్క గోలీకాయంత మిగిలింది. మందు సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. తేటగా ఉంది. నా చేతికిచ్చాడు. చల్లగా ఉంది.

సూది నేనే వేశాను. పెద్ద మామా ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"మంచుగడ్డలా ఉంది మందు," అని తిట్టింది. "కాస్త వెచ్చబెట్టి వెయ్యకూడదా, మరియం? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

పోలేరమ్మ, అరవై తొమ్మిదేళ్లు, ప్రస్తుతం రాజంపేటలో ఉంటున్నాను.