నాలుగింటి నీలం గుర్తు

మా కొట్లో డ్రోన్లు బాగుచేస్తాం. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవాళ్ళవి, ఇళ్ళ పైకప్పులు పరీక్ష చేసేవాళ్ళవి, కొన్న మొదటి రోజే చెట్టుకు గుద్దేసినవాళ్ళవి. ఓనరుగారిని చాటుగా చాదస్తంగారు అంటాం. ఆయన నియమం ఒకటుంది. బాగైన డ్రోను ఒక్క విమానాన్నయినా చూస్తేగానీ మా గడప దాటకూడదు.

చూడటమంటే కళ్ళతో కాదు. ఎగిరే విమానం తన నంబరూ ఎత్తూ వేగమూ గాల్లోకి చెప్పుకుంటూ పోతుంది. డ్రోన్లోని చిన్న రిసీవరు ఆ మాట వింటుంది. వినగానే నా చేతిలోని స్క్రీన్ మీద నీలం గుర్తు మొలుస్తుంది. విమానం బాగా దగ్గరికొస్తే అదే గుర్తు ఎర్రబడి, డ్రోన్ని దించమని గోలపెడుతుంది.

ఆ పరీక్ష నేను రోజూ నాలుగింటికే పెట్టుకుంటాను. ఆ వేళకి సముద్రం అవతలి నుంచి మందుల పెట్టెలు మోసుకొచ్చే చిన్న విమానం మా కొట్టు మేడ మీదుగా పోతుంది. దాన్ని నడిపేది మా తమ్ముడు.

వాడు నాతో మాట్లాడి ఏడు నెలలైంది. ఒకరోజు మా ఇంట్లో మెట్లు దిగుతూ గోడ పట్టుకుని ఆగిపోయాడు. తల తిరుగుతోందా అంటే లేదన్నాడు. వాడి అబద్ధాలు నాకు కొత్తా? మర్నాడే వాళ్ళ కంపెనీకి ఫోన్ చేసి చెప్పేశాను. మూడు నెలలు వాణ్ణి నేల మీద కూర్చోబెట్టారు. చెవిలో ఏదో తేడా ఉందట, నయం చేసి మళ్ళీ ఎగరనిచ్చారు. వాడి మంచికే చేశానని నేనింకా అంటాను. "నా వెనకాల చెప్పావక్కా," అన్నాడు వాడు. అదే ఆఖరి మాట. మొండితనంలో ఇద్దరం ఇద్దరమే. నేనూ ఫోన్ చేయలేదు.

చేయలేదు గానీ, వాడు మళ్ళీ ఎగరడం మొదలుపెట్టినప్పటి నుంచి, ఈ నాలుగు నెలలూ రోజూ స్క్రీన్లో వాణ్ణి చూసుకుంటున్నాను. ఆ వేళ మేడ మీద ఎండ మెత్తబడుతుంది. కింద వీధి కునుకు తీస్తున్నట్టుంటుంది. స్క్రీన్ అంచున నీలం గుర్తు పుట్టగానే డ్రోన్ని కిందికి దించేస్తాను. నేల మీదున్నా దానికి వినిపిస్తూనే ఉంటుంది. పక్కన ఎత్తు చూపే అంకెలు, మూడు వందల మీటర్లు. గుర్తు కాగితం పడవలా మెల్లగా జారి అవతలి అంచుకు పోతుంది. ఆ రెండు నిమిషాలూ నేనెక్కడున్నానో నాకే తెలీదు. వాడు నిద్రలో నవ్వడం, నా పాత చెప్పులేసుకుని ఇల్లంతా తిరగడం, ఏవేవో తేలివస్తాయి. గుర్తు మాయమయ్యాక చీటీ మీద 'చూసింది' అని రాసి సంతకం పెడతాను.

మొన్న శుక్రవారం మబ్బు బాగా కిందికి దిగింది. దూరంగా ఉన్న మేడలు పాలలో నానినట్టు కనపడ్డాయి. ఓ ఫొటోగ్రాఫరు డ్రోన్ని అరవై మీటర్లకు లేపి నిలబెట్టాను. నాలుగైంది. గుర్తు రాలేదు. నాలుగూ ఐదు, పది. స్క్రీన్ కడిగిన పలకలా ఉంది.

రిసీవరే పాడై ఉంటుందనుకున్నాను. పదేళ్ళ నా పనిలో, నేను బాగుచేసింది చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకోవడం అదే మొదలు. ఇంకాస్త పైకి పోతే వినిపిస్తుందేమోనని వంద మీటర్లకు పంపాను. తర్వాత నూట ఇరవైకి. డ్రోను మసకలో కలిసిపోయింది.

అప్పుడు ఒక గుర్తు మొలిచింది. వాడిది కాదు. ఎక్కడో పదివేల మీటర్ల ఎత్తున పోతున్న పెద్ద విమానం. అంటే రిసీవరు బాగానే ఉంది. అంత దూరానిది వినిపిస్తోంది, మా వాడిది వినిపించడం లేదు. అంటే వాడు ఆకాశంలో లేడు. కింద సముద్రం ఉందన్న సంగతి తప్ప నాకింకేమీ తోచలేదు.

ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. మబ్బులోంచి ఇంజన్ చప్పుడు వచ్చింది. మొదట అది నా తలలోనే మోగుతోందనుకున్నాను. స్క్రీన్ చూశాను, ఖాళీ. చప్పుడు పెరిగింది. స్క్రీన్ లేదంటుంటే నా చెవులు ఉందంటున్నాయి. అప్పటికిగానీ బుర్ర వెలగలేదు. విమానం మూగబోయింది. వాడు మబ్బు కిందుగా వస్తున్నాడు, వాడి దారిలో నా డ్రోను ఉంది.

దించే వ్యవధి లేదు. రిమోటు మీది రెండు మీటలూ లోపలికి నొక్కిపెట్టి, ఎగురుతున్నదాని మోటార్లు ఆపేశాను. అది రాయిలా పడి పక్క మేడ మీది ఖాళీ నీళ్ళ తొట్టిలో ముక్కలైంది. మరుక్షణమే తెల్లటి పొట్టతో విమానం నా నెత్తిమీదుగా పోయింది. కుడివైపు ఒరిగి, మసకలోకి వెళ్ళిపోయింది.

అరగంటకి ఫోన్ మోగింది.

"అక్కా," అన్నాడు. "దిగాను."

ఫోన్ని చెవికి అదుముకున్నాను.

"విమానంలో కరెంటు పోయింది. ఇంజన్ తప్ప రేడియో, తెర, అన్నీ పోయాయి. మబ్బు కిందికి దిగి చూస్తే మేడలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒకదాని మీద నువ్వున్నావు. అక్కణ్ణించి కుడికి తిరిగితే విమానాలు దిగే మైదానం. అలా వచ్చా."

"నేనని ఎలా తెలిసింది?"

"రోజూ ఉంటావుగా. తల వంచుకుని చేతిలో ఏదో చూసుకుంటూ. నాలుగు నెలల్లో ఒక్కసారి పైకి చూసిన పాపాన పోలేదు. ఇవాళే చూశావు."

అక్కడితో ఊరుకోవచ్చు. వాడికి తెలియదు. కానీ వాడి సంగతి కంపెనీకి చెప్పిన నోరు, నా సంగతి దాచుకుంటే ఏం బాగుంటుంది?

"నీ దారికి అడ్డంగా డ్రోను పెట్టాను రా. గుర్తు రాలేదని, నిన్ను వెతుక్కుంటూ పైకి పంపాను. చివర్లో పడగొట్టాను."

"ఎంత ఎత్తున ఉంది?"

"నూట ఇరవై."

"నేనూ అంతే," అన్నాడు.

ఇక ఈ ఫోన్ పెట్టేస్తాడు, మళ్ళీ ఎత్తడు అనుకున్నాను. వాడి ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"రేపు ఏదీ పైకి పంపకక్కా," అన్నాడు. "ఊరికే నిలబడి తలెత్తి చూడు."

నేను ఏడ్చాను, వాడు వింటుండగానే.