వదిన గుడ్డ మీద ఎండ

మొదట అతని చేతిలో ఉన్నది మూడు వేల రూపాయలు. సగం ఎండకి రంగు తేలే మందుకి పోయింది, మిగతా సగం తెల్ల గుడ్డకి. చీకటి చేసిన స్నానాలగదిలో గుడ్డకి మందు పూసి ఆరబెట్టాలి. డాబా మీద పరిచి, పైన ఆకో పువ్వో పెట్టి ఎండ చూపించాలి. నీళ్లలో జాడిస్తే గుడ్డంతా నీలం, ఆకు ఉన్నచోట తెలుపు.

రెండు చేతులు చాలక వదినకి పని నేర్పాడు. అక్కడే ఏకు మేకైంది.

వదిన మందు పూసిన గుడ్డ మీద ఏది పెట్టినా, అది ముందు ముందు ఎలా అవుతుందో అలా పడేది. మొగ్గ పెడితే విచ్చిన పువ్వు. గుడ్డు పెడితే కోడిపిల్ల. ఇంట్లో ఎవరూ వింతపడలేదు. "నా కోడలి హస్తవాసి అలాంటిది," అంది అమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

అతని గుడ్డ మీద మొగ్గ మొగ్గలాగే పడేది.

"నీదీ బాగుంది మరిదీ. ఆకు అచ్చం ఆకులాగే ఉంది," అనేది వదిన. ఆ మెచ్చుకోలుకే ఒళ్లు మండేది. ఆమెవి పది అమ్ముడైతే తనది ఒకటి. అదీ జాలిపడి.

ఆ సాయంత్రం బట్టల కొట్టావిడ వస్తానంది. ఇకనుంచి ఒక్కరి దగ్గరే కొంటుందట, ఎవరి దగ్గరో చూసి చెబుతుందట. వదినవన్నీ అమ్ముడైపోయాయి, ఆమె కొత్తగా మందు పూసిన ఒక్క గుడ్డ స్నానాలగదిలో ఆరుతోంది. ఆమె మొగ్గలు కోయడానికి వెళ్లింది.

అతను తలుపు తీశాడు. వెలుతురు తగిలితే చాలు, గుడ్డ పాడవుతుంది. అయినా కసి తీరక డాబా మీదికి ఈడ్చుకెళ్లాడు. గాలికి ఎగరబోతుంటే పిడికిలితో అదిమిపట్టి, నీలం తేలేదాకా అలాగే కూర్చున్నాడు.

"అయ్యో, నాకోసం ఎండలో వేశావా?" వదిన మెట్లెక్కి వచ్చింది. "తొందరపడ్డావు నాయనా, మొగ్గలు ఇంకా నా కొంగులోనే ఉన్నాయి!" గబగబా గుడ్డ లాగి తొట్టిలో జాడించింది.

నీలం మధ్యలో తెల్లగా ఒక పిడికిలి. కణుపులు ఉబ్బి, చర్మం ముడతలు పడి, ఒక్క వేలూ విప్పుకోని ముసలి పిడికిలి.

"ఎవరీ తాతయ్య?" వదిన నవ్వింది. "ఈ వయసులో కూడా అంత బిగించి ఏం పట్టుకున్నాడో, పాపం!"

అతను లెక్క వేసుకున్నాడు. ఆ ముడతలు రావాలంటే యాభై ఏళ్లు. యాభై ఏళ్లూ ఇదే మంట.

"పాడుచేద్దామనే వేశాను వదినా."

ఆమె నవ్వు ఆగింది. నీళ్లు రాకపోయినా గుడ్డని పిండుతూనే ఉంది.

"ఎందుకు?"

"కుళ్లు."

కింద గేటు చప్పుడైంది. అతని గుడ్డలు బల్ల మీద చక్కగా మడతపెట్టి ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా మెట్లవైపు నడిచాడు.

"ఏం చెబుతావు ఆవిడకి?"

"నీకు చెప్పిందే. రేపు మధ్యాహ్నం, ఎండ ఉండగా, నీ గుడ్డ చూడ్డానికి రమ్మంటాను."