కోహీర్ నుంచి తిరిగొచ్చిన గిటార్

వెస్లీ అమ్మేసిన గిటార్ మళ్లీ అమ్మకానికి వచ్చిందని గ్లోరీకి ఫోన్లో తెలిసింది. దవాఖానలో డ్యూటీ దిగి చెప్పులేసుకుంటుంటే తోటి నర్సు నవత వచ్చి, "గిది మీ ఇంటాయనది కాదా అక్కా?" అని తన ఫోన్లో అమ్మకం ప్రకటన ఫొటో చూపించింది. ఎర్రటి ఎలక్ట్రిక్ గిటార్. కింది అంచున నల్లగా కాలిన మచ్చ. ఒకసారి వెస్లీ ఏమరపాటున సోల్డరింగ్ ఐరన్ ఆనిస్తే పడ్డ మచ్చ అది. గ్లోరీ వెంటనే ఫొటో కిందున్న ఫోన్ నంబరు రాసుకుంది.

వెస్లీది జహీరాబాద్ బస్టాండు వెనక మోటర్ వైండింగ్ షాపు. అల్లం రైతులు, చెరుకు రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి పడేస్తే, లోపలి రాగి తీగ ఊడబీకి కొత్తది చుట్టి ఇస్తాడు. ఆదివారమొస్తే చర్చిలో గిటార్ వాయించేవాడు. తల్లి ఇందిరమ్మకు కిడ్నీలు చెడిపోయినప్పుడు ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ వచ్చి, చివరికి గిటార్ కూడా అమ్మాడు. అయినా ఇందిరమ్మ దక్కలేదు. ఆమె పోయినంక వెస్లీ చర్చి ముఖం చూడలేదు. దేవుణ్ణి గానీ మనుషుల్ని గానీ ఒక్క మాట అనలేదు. ఆదివారాలు కూడా షాపు తెరిచి కూర్చునేవాడు. పాస్టరు వచ్చి పిలిస్తే, "పని ఉన్నదయ్యా" అనేవాడు. ఇంట్లో కూడా అంతే. కంచంలో ఏం పెట్టినా తినేవాడు, ఉప్పు తక్కువైనా అడిగేవాడు కాదు.

గిటార్ వస్తే మనిషి కూడా తిరిగి వస్తాడని గ్లోరీ ఆశ. దాచుకున్న పైసలు తీసుకుని, అతనికి చెప్పకుండా కోహీర్ బస్సెక్కింది.

గిటార్ కొన్నది కోహీర్‌లో అల్లం సాగు చేసే ఆసామి కొడుకు పృథ్వీరాజ్. పుణేలో నౌకరీ వచ్చిందట, సామానంతా అమ్మేస్తున్నాడు. గ్లోరీని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాడు.

"మా ఆయన అమ్మినప్పుడు ఎట్లుండెనో అట్లనే ఉన్నదా తమ్మీ?" అని అడిగింది గ్లోరీ.

పృథ్వీరాజ్ గిటార్‌ను గుడ్డతో తుడుస్తూ, "అట్లనే ఉన్నదక్కా. తీగలు కొత్తవి ఏసిన, గంతే" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

సాయంత్రం ఆమె నేరుగా షాపుకే పోయింది. వెస్లీ సంచి విప్పి చూశాడు. చేతికున్న గ్రీజు తుడుచుకుని, మచ్చ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. "ఎందుకు తెచ్చినవ్?" అన్నాడు గానీ, ఆ గొంతులో కోపం లేదు. మూలకున్న పాత స్పీకరు డబ్బా లాగి దుమ్ము దులుపుతుంటే, గ్లోరీ గబగబా పోయి ప్లగ్గు పెట్టింది.

అతను తీగ మీటాడు. ధ్వని గట్టిగా, శుభ్రంగా వచ్చింది. మళ్లీ మీటాడు. డబ్బా మీది బటన్లు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకుని గిటార్ విప్పడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?"

"మార్చిండు," అన్నాడు వెస్లీ. తీగల కిందున్న చిన్న పెట్టెలాంటిది ఊడదీసి ఆమెకు చూపించాడు. "పికప్పు. దీన్ల అయస్కాంతం సుట్టు వెంట్రుకంత తీగ ఉంటది. సప్పుడంత దీన్లకెల్లే వస్తది. ఇది కంపెనీది, కొత్తది."

"కొత్తదైతే మంచిదే కదా."

"పాతది నేను సుట్టింది." అతను పెట్టెను బల్ల మీద పెట్టాడు. "నేను కొన్నప్పుడే దాని కాయిల్ పోయి ఉండె. అప్పటికింక మన పెండ్లి కాలే. అమ్మ గీ సుట్టే మిషన్ పిడి తిప్పింది, నేను తీగ పట్టిన. మోటర్ తీగ లెక్క కాదాయె, ఊపిరి గట్టిగ ఇడిస్తే తెగే తీగ. అమ్మ ఒక్కసారి గూడ తెంపలే."

ఇంటికి పోయే దారిలో, హైవే పక్కన లారీల మోతకు ఒక చెవి మూసుకుని, గ్లోరీ పృథ్వీరాజ్‌కు ఫోన్ చేసింది. అతను కాసేపు నీళ్లు నమిలి ఒప్పుకున్నాడు.

"హైదరాబాద్‌ల చూపించినక్కా. ఎవరో లోకల్‌గ సుట్టిన్రు, తీసెయ్ అన్నరు షాపోళ్లు. నాకు అమ్మినప్పుడు మీ ఆయన గూడ చెప్పలేదు కదా."

"ఆ పాతది ఏది?"

"పాత సామాన్ల పడి ఉండె. మొన్న నా రూము ఖాళీ చేస్తుంటే రాగి వస్తదని పాత ఇనుము కొనేటోడు పట్టుకపోయిండు."

ఏ పాతినుపోడని అడగబోయి ఆగింది. వానికైతే మాత్రం ఏం గుర్తుంటుంది.

ఇంటికొచ్చినంక వెస్లీకి చెబితే అతను తలాడించాడు. "ఆయన మాట నిజమే. నేను గూడ చెప్పలే. చెప్తే తీసుకోడేమోనని భయమయింది. అమ్మ దవాఖానల ఉండె." అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగైదు రోజులు గ్లోరీ ఓపిక పట్టింది. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని షాపుకు పోయి, చుట్టే మిషన్ ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. "నేను తిప్పుత. నువ్వు తీగ పట్టు" అంది.

వెస్లీ వద్దనలేదు. సన్న తీగ చుట్ట వెతికి తీసి, కొస అతికించి, రెండు వేళ్ల మధ్య తీగ పట్టుకున్నాడు. గ్లోరీ పిడి తిప్పింది. కొంతసేపు బాగానే సాగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"అమ్మ తిప్పుతుంటే ముచ్చట్లు చెప్పుకుంటనే ఉండేది" అన్నాడు వెస్లీ ఉన్నట్టుండి. "రాయికోడ్‌ల వాళ్ల అన్నల ముచ్చట్లు. నవ్వుకుంట తిప్పేది."

గ్లోరీ కూడా ఏదైనా చెప్పాలనుకుంది. దవాఖాన సంగతులు తప్ప నోటికేమీ రాలేదు, అవి చెప్పే చోటు కాదది. ఆ తడబాటులో చెయ్యి ఒక్కసారి జోరుగా తిరిగింది. తీగ తెగింది. తెగిన చప్పుడు కూడా వినపడలేదు, అతని వేళ్లు ఖాళీగా కనిపించాయి, అంతే.

"మళ్ల సుడదాం" అంది.

"వద్దు గ్లోరీ. మంచిగనే తిప్పినవ్." అతను సగం చుట్టిన కాయిల్ని మిషన్ మీదనుంచి తీసి పక్కన పెట్టాడు. "ఎంత సుట్టినా అది వేరేదే అయితది. నాకు తెల్వదా."

ఆ శనివారం కొత్త పికప్పును మళ్లీ గిటార్‌లో బిగించి, చర్చిలో వాయించే సురేశ్‌ను పిలిచి ఇచ్చేశాడు. సురేశ్ బాగా మొహమాటపడ్డాడు. "అన్నా, నువ్వే రావచ్చు కదా" అన్నాడు. వెస్లీ అతనికి బటన్లు ఎట్లా తిప్పాలో చూపించి, సంచి జిప్పు వేసి భుజానికి తగిలించాడు.

ఆదివారం గ్లోరీ ఒక్కతే చర్చికి పోయింది. గిటార్ బ్రహ్మాండంగా మోగింది. వెనక వరుసలోంచి బాలమణి వంగి, "మీ ఆయన గిటారేనట కదా, ఎంత బాగుందే" అని చెవిలో అంది. గ్లోరీ తలూపింది. పాట రెండో చరణానికి వచ్చేసరికి ఆమె పాడటం ఆపేసింది. పుస్తకం తెరిచి పట్టుకుని, అందరూ పాడటం అయిపోయేదాకా నిలబడింది.